హీట్ నంబరు లేని ముక్క: ఉక్కు మిల్లుకూ విశ్వవిద్యాలయానికీ నడుమ దూరం

చెన్నైకి ఉత్తరాన దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న గుమ్మిడిపూండి పారిశ్రామికవాడలో ఇనుప తుక్కు కరిగించి కడ్డీలు తీసే మిల్లులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో, క్వాలిటీ విభాగంలో, నేను కొన్నేళ్లు పనిచేశాను. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేటల నుంచి రైల్లో వచ్చి పోయే పనివాళ్లే మా దగ్గర ఎక్కువ కాబట్టి కొలిమి దగ్గర వినిపించేది తెలుగే. ఒక వేసవిలో వరసగా కొన్ని రోజులు బిల్లెట్లు (కడ్డీలు తీయడానికి పోతపోసిన ఉక్కు దిమ్మెలు) మిల్లు రోలర్ల కిందికి పోగానే అంచుల వెంబడి చేపపొలుసుల్లా చిట్లడం మొదలైంది. మూడు ముక్కలు కోసి, గోనెసంచిలో కట్టి, నగరంలోని ఒక విద్యాసంస్థ లోహశాస్త్ర విభాగానికి పంపాము. నాలుగు నెలల తరువాత పద్నాలుగు పుటల నివేదిక వచ్చింది. అందులో ఛాయాచిత్రాలు బాగున్నాయి, విశ్లేషణ బాగుంది, చివర ‘రాగి శాతాన్ని తగ్గించుకోవడం మంచిది’ అన్న సలహా ఉంది. ఆ తుక్కు లాటు అప్పటికే కరిగి, కడ్డీలై, ఎవరి ఇంటి స్లాబులోనో కలిసిపోయింది.

నేను ఆ నివేదికను బల్ల మీద పడేసి విసుక్కుంటూ ఉంటే, మా ఫోర్‌మన్, నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన, అన్న మాట ఇది: “ఆ ముక్క ఏ హీటుదో, కొలిమిలో ఎంతసేపు ఉన్నిందో రాయకుండా పంపినారు గదా సారూ. వాళ్లు మాత్రం ఏం చెప్తారు?” (కొలిమిలో ఒక్కసారి కరిగించిన ఉక్కు మొత్తాన్ని మిల్లుల్లో ఒక హీటు అంటారు.)

విశ్వవిద్యాలయాలకూ లోహ పరిశ్రమకూ మధ్య పరిశోధన సహకారం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా నిధుల కొరత గురించో, ఒప్పందాల సంఖ్య గురించో మాట్లాడతారు. నా అనుభవంలో అసలు చిక్కు ఆ ఫోర్‌మన్ చెప్పిన చోటే ఉంది. చెడిపోయిన ముక్క ఒక చోట ఉంటుంది, దాని చరిత్ర ఇంకొక చోట ఉంటుంది, దాన్ని అర్థం చేసుకోగల శాస్త్రం మూడో చోట ఉంటుంది. ఈ మూడూ ఒక బల్ల మీదికి చేరకపోవడానికి కారణాలు ఒక్కొక్కటిగా విప్పి చూస్తే తప్ప ఎక్కడ ముడి పడిందో తెలియదు.

ముందు మా రాగి సంగతే చూద్దాం. తుక్కులో పాత మోటార్ల చుట్టలు, వైర్ల ముక్కలు కలిసి వస్తాయి. ఇనుముతో పోలిస్తే రాగికి ఆక్సిజన్‌తో కలిసే గుణం తక్కువ. అందువల్ల కరిగిన ఉక్కులోకి ఆక్సిజన్ ఊది సిలికాన్, మాంగనీస్ వంటివాటిని కాల్చి స్లాగులోకి (కరిగిన ఉక్కు మీద తేలే మడ్డిలోకి) పంపినట్టు రాగిని పంపడం సాధ్యం కాదు. ఒకసారి కలిసిందంటే అది ఉక్కులోనే ఉండిపోతుంది. ఆ ఉక్కుతో పోసిన బిల్లెట్‌ను రోలింగ్ కోసం మళ్లీ 1,100 నుంచి 1,200 డిగ్రీల దాకా కాచినప్పుడు పైపొర ఆక్సిజన్‌తో కలిసి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చులోకి ఇనుము పోతుంది గాని రాగి పోదు. ఉప్పుమడిలో నీరు ఆవిరైపోతున్నకొద్దీ ఉప్పు మిగిలినట్టుగా, పెచ్చు మందం పెరుగుతున్నకొద్దీ దాని అడుగున రాగి పేరుకుంటుంది. రాగి కరిగేది 1,085 డిగ్రీల దగ్గర. అంటే పెచ్చు కింద పేరుకున్నది ద్రవమై, ఉక్కు రేణువుల హద్దుల వెంట లోపలికి ఇంకుతుంది. రోలర్ నొక్కగానే ఆ హద్దులు విచ్చుకుంటాయి. మిల్లుల్లో దీన్నే హాట్ షార్ట్‌నెస్ అంటారు. తగరం కొద్దిగా తోడైతే పరిస్థితి ఇంకా చెడుతుంది, నికెల్ ఉంటే కొంత నయమవుతుంది.

ఇదంతా లోహశాస్త్రంలో దశాబ్దాలుగా తెలిసిన విషయమే, ఏ మూడో సంవత్సరం విద్యార్థిని అడిగినా చెప్పగలడు. ఇక్కడ పనికి వచ్చే ప్రశ్న వేరే ఉంది: అదే తుక్కు, అదే రాగి శాతం ఉన్నా పగుళ్లు కొన్ని రోజులే వచ్చి, మిగతా రోజుల్లో ఎందుకు రాలేదు? దానికి జవాబు సూక్ష్మదర్శిని కింద ముక్కను చూస్తే దొరకదు, కొలిమి లాగ్ పుస్తకంలో దొరుకుతుంది. ఆ పుస్తకాన్ని మేము పంపలేదు. పంపాలని మాకు తోచలేదన్నది సగం నిజం; పంపవద్దని పైవాళ్లు అన్నారన్నది మిగతా సగం.

పైవాళ్ల భయానికి అర్థం లేకపోలేదు. ఉక్కులో ఏ మూలకం ఎంత ఉందో స్పెక్ట్రోమీటరు మీద ఒక్క నిమిషంలో చదివేయవచ్చు, కాబట్టి కూర్పులో రహస్యం ఎక్కువ రోజులు నిలవదు. ఆ ఉక్కును ఎంతసేపు కాచారు, ఎంత వేగంగా నడిపారు, క్వెంచ్ బాక్సులో (వేడి కడ్డీని నీళ్లతో చల్లబరిచే పెట్టెలో) నీటి ఒత్తిడి ఎంత పెట్టారు అన్నది మాత్రం పూర్తయిన కడ్డీని చూసి పూర్తిగా చెప్పడం కష్టం. అందుకే లోహ పరిశ్రమ తన పద్ధతులలో చాలావాటిని పేటెంటు చేయకుండా గుట్టుగా ఉంచుకుంటుంది. పేటెంటు తీసుకుంటే పద్ధతిని బయటపెట్టాలి, రక్షణ 20 ఏళ్లే, పైగా పక్కవాడు దాన్ని కాపీ కొట్టాడని కోర్టులో నిరూపించాలంటే వాడి కొలిమిలోకి తొంగిచూడాలి. విశ్వవిద్యాలయానికి ఏది అన్నింటికంటే అవసరమో, పరిశ్రమ అన్నింటికంటే గట్టిగా దాచేది అదే.

విశ్వవిద్యాలయం వైపు నుంచి చూస్తే ముడి తిరగబడి కనిపిస్తుంది. ఆచార్యుడి పదోన్నతి ప్రచురించిన పత్రాల మీద, విద్యార్థి డాక్టరేటు బహిరంగంగా సమర్థించుకోగల సిద్ధాంత గ్రంథం మీద ఆధారపడి ఉంటాయి. బయటపెట్టకూడని సమాచారంతో ఆ రెండూ జరగవు. పైగా పేటెంటుకు దరఖాస్తు చేయకముందే పత్రం అచ్చయితే, మన చట్టంలోని కొద్దిపాటి మినహాయింపులు పోను, ఆ ఆవిష్కరణకు కొత్తదనం పోయినట్టే లెక్క. కాబట్టి ఒప్పందాలలో, పత్రం పంపే ముందు కంపెనీకి కొన్ని వారాలు గడువిచ్చి చూపించాలి, ఆ లోగా దరఖాస్తు వేసుకోవాలి అన్న షరతు పెడతారు. ఇది సమంజసమైన ఏర్పాటే. కాకపోతే ఒప్పందం రాయించే వకీలుకు లోహం తెలియదు, లోహం తెలిసినవారికి ఒప్పందం చదివే ఓపిక ఉండదు. ప్రాజెక్టు కంటే ఒప్పందం రాతకోతలకే ఎక్కువ నెలలు పట్టిన సందర్భం ఒకటి నాకు బాగా తెలుసు.

రెండో దూరం మోతాదులో ఉంది. ప్రయోగశాలలో కొత్త మిశ్రలోహం చేయాలంటే ఆర్గాన్ వాయువు నింపిన ఆర్క్ కొలిమిలో, నీళ్లతో చల్లబరిచే రాగి పళ్లెం మీద, 50 గ్రాముల గుండీని (బొత్తాం ఆకారపు లోహపు ముద్దను) నాలుగైదుసార్లు తిరగేసి కరిగిస్తారు. స్వచ్ఛమైన ముడిలోహాలు వాడతారు. విద్యుత్తు ఆపగానే గుండీ క్షణాల్లో గడ్డకడుతుంది. మా ఇండక్షన్ కొలిమిలో ఒక్కో హీటు 12 టన్నులు, అంటే ఆ గుండీకి రెండు లక్షల నలభై వేల రెట్లు. మోతాదు పెరిగితే బరువొక్కటే పెరిగి ఊరుకోదు. పెద్ద దిమ్మె మెల్లగా గడ్డకట్టేటప్పుడు చెట్టు కొమ్మల ఆకారంలో పెరిగే స్ఫటికాల మధ్య ఎడం పెరుగుతుంది, చివరగా గడ్డకట్టే ద్రవంలోకి భాస్వరం, గంధకం వంటివి చేరి ఒకచోట పోగవుతాయి. కొలిమి గోడల లోపలి పొర కరిగి కొంత కలుస్తుంది, గాలి నుంచి నైట్రోజన్ చేరుతుంది. గుండీలో అద్భుతంగా ఉన్న లోహం దిమ్మెలో పెళుసుగా మారడానికి ఇవి చాలు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1819 నుంచి 1822 దాకా లండన్‌లో మైకేల్ ఫారడే, శస్త్రచికిత్స పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి, మన దక్షిణదేశపు ఊట్జ్ ఉక్కును పరిశీలించి అలాంటిదాన్ని చేయడానికి మిశ్రమాలు కరిగించి చూశాడు. (ఊట్జ్ అన్న మాట మన ‘ఉక్కు’ నుంచే వచ్చిందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం; నేటి నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపొందిన ఊరు.) రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోని చిన్న కొలిమిలో కుదిరినవాటిని షెఫీల్డ్‌కు తీసుకుపోయి పెద్ద మోతాదులో పోయించవలసి వచ్చింది. శాస్త్రవేత్త, పనివాడు, పెద్ద కొలిమి, ఈ ముగ్గురి పొత్తు రెండు వందల ఏళ్ల కిందటే ఇంత దాకా వచ్చిందన్నమాట.

50 గ్రాములకూ 12 టన్నులకూ నడుమ 50 కిలోలు, 500 కిలోలు పోసి చూసే మెట్లు ఉండాలి. ఆ మెట్లు ఎవరివి? విశ్వవిద్యాలయానికి అంత పెద్ద కొలిమి నడిపే సిబ్బంది ఉండరు, కరెంటు బిల్లు కట్టే పద్దు ఉండదు. మిల్లుకు ప్రయోగం కోసం ఒక షిఫ్టు ఆపడమంటే ఆ రోజు ఉత్పత్తి వదులుకోవడమే. మన దేశంలో ఈ మెట్లు ఎక్కువగా ప్రభుత్వ ప్రయోగశాలలు కట్టినవే. టైటానియం స్పాంజ్ (టైటానియం లోహం మొదట తయారయ్యే బోలు ముద్ద) దీనికి మంచి ఉదాహరణ. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్‌ఎల్, ఆ పద్ధతిని చిన్న స్థాయి నుంచి టన్నుల స్థాయి బ్యాచ్‌ల దాకా తానే మెట్టుమెట్టుగా పెంచుకుంటూ వచ్చింది. ఇస్రో పెట్టుబడితో కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల కర్మాగారం 2011లో ప్రారంభమైంది. మధ్యలో పట్టింది రెండు దశాబ్దాల పైమాటే. అంతకాలం ఓపిక పట్టగల ప్రైవేటు కంపెనీ ఎక్కడా ఉండదని నేననను గాని, నాకైతే తారసపడలేదు.

కాలం దగ్గర ఇంకా స్పష్టంగా తేడా కనిపిస్తుంది. విద్యుత్కేంద్రపు బాయిలరు గొట్టం ఎరుపెక్కేంత వేడిలో, లోపల ఆవిరి ఒత్తిడితో, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అంత వేడిలో లోహం విరిగేంత బరువు లేకపోయినా కొద్దికొద్దిగా సాగుతూ పోతుంది. దీన్ని క్రీప్ అంటారు. గొట్టం మందం నిర్ణయించడానికి ఇంజినీర్లు అడిగేది లక్ష గంటల క్రీప్ బలం. లక్ష గంటలంటే 11 సంవత్సరాల 5 నెలలు. డాక్టరేటు అయిదేళ్లలో ముగుస్తుంది, కంపెనీ లెక్కలు మూడు నెలలకొకసారి తేలాలి. జపాన్ జాతీయ పదార్థ పరిశోధన సంస్థలో 1969లో బరువు వేలాడదీసిన ఒక ఉక్కు నమూనా 2011 దాకా, నలభై ఏళ్లకు పైగా, అలా పరీక్షలో ఉండిపోయింది. ఆ యంత్రం పక్కన పనిచేసినవారిలో కొందరు ఉద్యోగంలో చేరి, పదవీ విరమణ కూడా చేసి ఉంటారు.

చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం ఇలాంటి దీర్ఘ పరీక్షలకు నిలబడిన చోటు. 1971లో రియాక్టర్ రీసెర్చ్ సెంటర్‌గా మొదలైన ఆ సంస్థ, హైదరాబాద్‌లోని ప్రత్యేక లోహాల కర్మాగారం మిధానీతోనూ, అణు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌తోనూ కలిసి రియాక్టర్లకు కావలసిన ప్రత్యేక ఉక్కులను దేశంలోనే పోయించింది. 700 డిగ్రీల పైచిలుకు ఆవిరితో నడిచే బొగ్గు విద్యుత్కేంద్రాల కోసం బీహెచ్‌ఈఎల్, ఎన్‌టీపీసీలతో కలిసి చేపట్టిన కార్యక్రమంలో ఈ కూటమి తయారుచేసిన గొట్టాలలో ఒకటి 304హెచ్‌సీయూ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు. దాని కూర్పు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. అందులో దాదాపు 3 శాతం రాగి కావాలనే కలుపుతారు. మా మిల్లులో ఆ రాగిలో పదోవంతు ఉంటేనే బిల్లెట్లు చిట్లేవి. అక్కడ ఉక్కులో 9 శాతం దాకా నికెల్, 18 శాతం క్రోమియం ఉంటాయి కాబట్టి రాగి లోపలే కరిగి ఉండి, పనిచేసే వేడిలో అతి సన్నని కణాలుగా విడివడి, లోహం సాగకుండా పట్టుకుంటుంది. ఒక చోట దోషమైనదే ఇంకొక చోట గుణమైన సంగతి తేల్చడానికి పాఠ్యపుస్తక జ్ఞానంతో పాటు టన్నుల మోతాదులో పోత పోసినవారూ, వేల గంటలు పరీక్షించినవారూ ఒకే పద్దు కింద చాలాకాలం ఉండవలసి వచ్చింది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు, ఎందుకంటే దారులు చాలానే ఉన్నాయి. ఐఐటీ మద్రాస్‌లో పరిశ్రమల కన్సల్టెన్సీ, ప్రాయోజిత పరిశోధన చూసే కేంద్రం 1973 నుంచీ ఉంది. ముక్క పంపి నివేదిక తెచ్చుకోవడం కన్సల్టెన్సీ కిందికి వస్తుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. రెండు మూడేళ్ల ప్రశ్నకు విద్యార్థిని పెట్టి పనిచేయించడం ప్రాయోజిత పరిశోధన. గ్రాంటుతో జరిగే పరిశోధనను జీఎస్టీ నుంచి మినహాయించాలని 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయించే దాకా అక్కడా నోటీసుల గొడవ నడిచింది. కేంద్ర విద్యాశాఖ పథకాలలో ఉచ్చతర్ ఆవిష్కార్ యోజన కింద ఖర్చులో నాలుగో వంతు పరిశ్రమ పెట్టవలసి ఉండేది. 2019 నుంచి కంపెనీలు తమ సామాజిక బాధ్యత నిధులను ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిశోధనకూ ఇవ్వవచ్చు. మరోవైపు, సొంత పరిశోధన ఖర్చు మీద ఒకప్పుడు 200 శాతం దాకా ఉన్న ఆదాయపు పన్ను మినహాయింపు 2020 నాటికి 100 శాతానికి దిగింది. గుమ్మిడిపూండి మిల్లు యజమానికి వీటిలో సగం పేర్లు కూడా తెలియవు. తెలిసినా, నింపవలసిన కాగితాలు చూసి ముక్క పంపడంతో సరిపెట్టుకుంటాడు.

మరి ఎక్కడ కుదిరింది అంటే, మనుషులు అటూ ఇటూ తిరిగిన చోట కుదిరింది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో లోహశాస్త్ర విభాగానికి తొలి భారతీయ అధిపతిగా 1950లలో పనిచేసిన బ్రహ్మప్రకాశ్, ఆ తరువాత హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నిర్మాణానికి సారథ్యం వహించారు. తెలుగువారైన పల్లె రామారావు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి లోహశాస్త్రం బోధించి 1980లలో డీఎంఆర్‌ఎల్ డైరెక్టరయ్యారు, అటుపైన హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగానూ ఉన్నారు. ఇలాంటివారికి తరగతి గది భాషా, కొలిమి దగ్గరి భాషా రెండూ వచ్చు. అందరూ అంత పెద్దవారు కానక్కరలేదు. తరమణిలోని ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కులో స్థలం తీసుకున్న కంపెనీ, సంస్థతో కలిసి చేసే పనికి గాను ఏటా ఇన్ని క్రెడిట్లు సంపాదించాలన్న నియమం ఉంది. ఉమ్మడి ప్రాజెక్టు, ఆచార్యుల సలహా, విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ వంటివన్నీ అందులో లెక్కకు వస్తాయి. అద్దెతో సరిపెట్టుకోనివ్వకుండా సహవాసాన్ని షరతుగా పెట్టడం తెలివైన పని. అదే తరమణిలో జాతీయ లోహ పరిశోధనశాల మద్రాసు కేంద్రం ఉంది, లోహపు పొడులు, కొత్త పదార్థాల మీద పరిశోధించే హైదరాబాద్ సంస్థ ఏఆర్‌సీఐ కేంద్రాలు కూడా ఆ పార్కులోనే ఉన్నాయి. గుమ్మిడిపూండి నుంచి అక్కడికి లారీలో ముక్క చేరడం ఒక పూట పని.

అయితే పార్కులో గది తీసుకోగలిగేది పెద్ద కంపెనీ. ఒక్కో మిల్లు ఒంటరిగా ఒక పరిశోధకుడికి జీతం ఇవ్వలేని చోట ఏం చేయాలన్న దానికి స్వీడన్‌లో పాత జవాబు ఉంది. అక్కడి ఇనుప ఉత్పత్తిదారుల సంఘం యెర్న్‌కొంతోరెట్ 1747లో పుట్టింది. మార్కెట్లో పోటీపడే కంపెనీలే అందులో కమిటీలుగా కూర్చొని, అందరికీ తలనొప్పిగా ఉన్న ప్రశ్నలకు ఉమ్మడిగా పరిశోధన చేయిస్తాయి. జర్మనీలో 1917లో పుట్టి డ్యూసెల్‌డార్ఫ్‌లో స్థిరపడిన ఇనుము పరిశోధన సంస్థ ఖర్చులో పెద్ద వాటాను కూడా దశాబ్దాల పాటు ఉక్కు పరిశ్రమ సంఘమే భరించింది. తుక్కులో రాగి ఏ ఒక్క మిల్లు రహస్యమూ కాదు. అందరూ ఒకే సరుకు కొంటారు, అందరి బిల్లెట్లూ చిట్లుతాయి. పోటీకి సంబంధం లేని ఇలాంటి ప్రశ్నతో ఉమ్మడి పని మొదలుపెడితే లాగ్ పుస్తకం చూపించడానికి భయం తగ్గుతుంది. పది మిల్లుల వివరాలు ఒకచోట కలిస్తే ఏది ఎవరిదో కనిపించదు కూడా.

మా కథ నివేదికతో ఆగలేదు. మరుసటి ఏడు పగుళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఫోర్‌మన్ మాట గుర్తుపెట్టుకొని, ముక్క కోయగానే దాని మీద హీట్ నంబరు పంచ్ కొట్టించాము. తుక్కు ఏ యార్డు నుంచి వచ్చిందో, బిల్లెట్ ఎన్నింటికి కొలిమిలోకి వెళ్లి ఎన్నింటికి బయటికి వచ్చిందో రాసిన కాగితం జతచేశాము. యజమానిని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. ఈసారి ఆ విద్యాసంస్థ నుంచి ఎం.టెక్. చదువుతున్న ఒక అమ్మాయి నోట్‌బుక్కుతో వచ్చి, వరసగా తొమ్మిది రాత్రులు కొలిమి పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. మొదటి రెండు రాత్రులూ ఎవరూ పట్టించుకోలేదు. మూడో రాత్రి ఫోర్‌మన్ తన టీ గ్లాసు ఆమెకిచ్చి, తను లాగ్‌లో రాయని సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆమె పట్టుకున్నది చిన్న విషయం. రోలింగ్ స్టాండులో ఏదో ఒకటి చెడి మిల్లు గంటో రెండు గంటలో ఆగినప్పుడు, కాచే కొలిమిలో ఉన్న బిల్లెట్లను మేము అదే వేడిలో అలాగే ఉంచేవాళ్లం, మళ్లీ కాచడానికి ఆలస్యమవుతుందని. పెచ్చు మందం ఆ రెండు గంటల్లో పెరిగేది, దాని కింద రాగి పేరుకొనేది. చిట్లిన బిల్లెట్లలో చాలా భాగం అలాంటి ఆగిన రోజులవే. తుక్కు మార్చనక్కరలేకుండా, మిల్లు ఆగిన వెంటనే కొలిమి వేడిని 1,000 డిగ్రీల దిగువకు దించి, బయలుదేరే ముందు మళ్లీ ఎక్కించమని ఆమె ఒక పుట రాసిచ్చింది. ఆ పుటను లామినేట్ చేయించి బర్నరు ప్యానెల్ పక్కన తగిలించాము. నేను ఆ ఉద్యోగం మానేసే నాటికి దాని అంచులు మసిపట్టి ఉన్నాయి, అక్షరాలు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి.